స్కీమ్ ఇంటర్‌ప్రెటర్‌లో కోడ్ కవరేజీ, ప్రొఫైలింగ్

ప్రోగ్రామ్‌ను నడిపినప్పుడు అందులో ఏ భాగం నడిచింది, ఏది నడవనే లేదు అని చెప్పే కొలత కోడ్ కవరేజీ. నడిచిన భాగాల్లో ఏది ఎన్నిసార్లు నడిచింది, ఎంత సమయం తినేసింది అని చెప్పేది ప్రొఫైలింగ్. మొదటిది టెస్టులు రాసేవారికి కావాలి, రెండోది వేగం కోసం తంటాలు పడేవారికి. పైకి చూస్తే రెండింటికీ ఒకే లెక్క సరిపోయేట్టు ఉంటుంది. ప్రతి చోటా ఒక కౌంటర్ పెడితే చాలు, సున్నా మిగిలినవి టెస్టులు తాకని చోట్లు, అంకె భారీగా పెరిగినవి వేగానికి అడ్డుపడే చోట్లు. స్కీమ్ విషయంలో ఇది సగమే నిజం. ఈ భాషలో లెక్కపెట్టడం మిగతా భాషల కన్నా తేలిక. వచ్చిన అంకెను ప్రోగ్రామర్ రాసిన ఏ ముక్క ఖాతాలో వేయాలన్నదే కష్టం. ఖాతా కుదరకపోతే నూటికి నూరు చూపించే కవరేజీ నివేదికా నమ్మదగింది కాదు, దశాంశాలతో సహా చూపించే సమయాల పట్టికా నమ్మదగింది కాదు. పైగా కవరేజీకి కుదిరే ఖాతా ప్రొఫైలింగ్‌కు కుదరదు.

ఈ కొలతలు స్కీమ్ కన్నా పాతవి. టెస్టులు ప్రోగ్రామ్‌లోని దారులన్నీ తొక్కాయో లేదో ఒక పద్ధతి ప్రకారం చూడాలని మిల్లర్, మలోనీ 1963లోనే ఏసీఎం పత్రికలో ప్రతిపాదించారు. డొనాల్డ్ నూత్ 1971లో ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను పరిశీలించి, ప్రోగ్రామ్‌లో 4 శాతం కన్నా తక్కువ భాగమే సాధారణంగా సగానికి పైగా సమయం తీసుకుంటోందని తేల్చాడు. 1982లో గ్రాహమ్, కెస్లర్, మెకుసిక్ ప్రకటించిన జీప్రాఫ్ మరో అడుగు ముందుకు వేసి, ఒక ఫంక్షన్‌లో గడిచిన సమయాన్ని దాన్ని పిలిచిన ఫంక్షన్లకు కూడా పంచి చూపింది. ఈ పరికరాలన్నీ మూడు నమ్మకాల మీద నిలబడ్డాయి. ఒక లైనులో దాదాపు ఒక పనే ఉంటుంది. పిలిచిన ఫంక్షన్ పని ముగించుకుని, పిలిచిన చోటికే ఒక్కసారి తిరిగి వస్తుంది. యంత్రం నడిపే కోడ్ మనిషి రాసిన కోడే. గై స్టీల్, జెరాల్డ్ సస్మన్ 1975 డిసెంబరులో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాల నుంచి స్కీమ్‌ను ప్రకటించారు. ఆ భాషలో మొదటి రెండు నమ్మకాలు పుట్టుకతోనే చెల్లలేదు. రాసిన కోడ్‌ను వేరే కోడ్‌గా విస్తరించే మాక్రోలు బలపడి, స్కీమ్ ప్రమాణం 1998 నాటి ఐదో నివేదికలో భాషలో అంతర్భాగమయ్యాక మూడోదీ చెల్లకుండా పోయింది.

లెక్కపెట్టడం తేలిక అనడానికి కారణం ఇంటర్‌ప్రెటర్ నిర్మాణమే. స్కీమ్ ప్రోగ్రామ్ అంటే గూడు కట్టిన జాబితాలు. వాటిని విలువలుగా మార్చే ఎవాల్ అనే ప్రొసీజర్ గుండానే ప్రతి ఎక్స్‌ప్రెషనూ పోవాలి. ఆ గుమ్మం దగ్గర కౌంటర్ పెట్టడానికి నాలుగైదు లైన్లు చాలు. ఏబెల్సన్, సస్మన్‌ల పాఠ్యపుస్తకం రెండో కూర్పులో (1996) ఎవాల్‌కు మరో రూపం కూడా ఉంది. ఎక్స్‌ప్రెషన్‌ను ఒకసారి విశ్లేషించి, నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రొసీజర్‌గా మార్చి ఉంచుకుని, తర్వాత దాన్నే మళ్లీ మళ్లీ పిలిచే పద్ధతి అది. కవరేజీకి ఈ రూపం ఇంకా అనువు. విశ్లేషణ జరిగే వేళలోనే ప్రతి ఎక్స్‌ప్రెషన్‌కూ ఒక సంఖ్య ఇచ్చి పట్టికలో ఎక్కిస్తే, ఎప్పటికీ నడవని ఎక్స్‌ప్రెషన్లు కూడా సున్నాతో నమోదై ఉంటాయి. మామూలు ఎవాల్ తన దాకా వచ్చిన వాటినే చూస్తుంది, రానివాటి ఊసే దానికి తెలియదు. కవరేజీ నివేదికలో విలువంతా రానివాటి జాబితాలోనే ఉంది కదా.

ఇక దేన్ని లెక్కపెట్టాలన్నది. జాబితా పొడవు కనుక్కునే చిన్న ప్రొసీజర్‌ను తీసుకుందాం: జాబితా ఖాళీ అయితే సున్నా ఇవ్వాలి, కాకపోతే మిగిలిన జాబితా పొడవుకు ఒకటి కలపాలి. స్కీమ్‌లో దీన్ని ఒక్క లైనులో రాయడం మామూలే. ఖాళీ జాబితాతో ఒక్క టెస్టు నడిపితే ఆ లైను నడిచినట్టే, లైన్ల లెక్కన కవరేజీ పూర్తయినట్టే. కానీ కూడిక గానీ, తనను తాను పిలుచుకునే భాగం గానీ ఒక్కసారైనా నడవలేదు. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, అదే ప్రొసీజర్‌ను మూడు లైన్లుగా విడగొట్టి రాస్తే అదే టెస్టుకు కవరేజీ శాతం మారిపోతుంది. ఎంటర్ మీట నొక్కినంత మాత్రాన మారే కొలత ప్రోగ్రామ్ గురించి చెబుతోందా, దాని అచ్చు తీరు గురించి చెబుతోందా? స్కీమ్‌లో కొలతకు సహజమైన ప్రమాణం ఎక్స్‌ప్రెషన్. పాత పేరు పీఎల్‌టీ స్కీమ్‌ను 2010లో వదిలిన రాకెట్ ఈ దారే పట్టింది. దాని ఎర్రర్‌ట్రేస్ లైబ్రరీ ఎక్స్‌ప్రెషన్ల స్థాయిలోనే కౌంటర్లు పెడుతుంది. డాక్టర్‌రాకెట్ ఎడిటర్ నడవని ముక్కలను లైను మధ్యలోనే రంగు మార్చి చూపుతుంది.

దీనికి ఆచరణవాదులు చెప్పే అభ్యంతరం బలహీనమైనదేమీ కాదు. చాలా స్కీమ్‌లు సీ భాషలో రాసిన ప్రోగ్రాములకు తోడుగా నడుస్తాయి. రెండు భాషలకూ కలిపి ఒకే నివేదిక కావాలంటే సీ కవరేజీ పరికరాలైన జీకావ్, ఎల్‌కావ్ వాడే లైన్ల పద్ధతికి లొంగక తప్పదు. గ్నూ వారి స్కీమ్ అయిన గైల్ తన కవరేజీ ఫలితాన్ని ఎల్‌కావ్ రూపంలో ఇవ్వడం ఇందుకే. ఇఫ్ కొమ్మలను వేర్వేరు లైన్లలో రాసే అలవాటు స్కీమ్ ప్రోగ్రామర్లకు ఎలాగూ ఉంది కాబట్టి నష్టం తక్కువేనని కూడా అంటారు. ఒప్పుకోవచ్చు. అయితే లైన్ల నివేదికను ఎక్స్‌ప్రెషన్ల లెక్క నుంచి ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు, లైన్ల లెక్క నుంచి ఎక్స్‌ప్రెషన్లను తిరిగి రాబట్టలేం. లోపల సన్నగా కొలిచి, బయటికి అవసరమైనంత ముతకగా చూపడమే సరైన వరస. ఎక్స్‌ప్రెషన్ల కవరేజీతో ఇంకో లాభం ఉంది. అండ్, ఆర్ వంటివి కూడా స్కీమ్‌లో ఎక్స్‌ప్రెషన్లను మోసేవే కాబట్టి, మొదటి షరతు దగ్గరే తీర్పు తేలిపోయి రెండోదాన్ని ఎన్నడూ అడగకపోతే ఆ రెండోది సున్నాగా పట్టుబడుతుంది. అలాగని విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178సీ అత్యంత కీలకమైన ‘ఏ’ స్థాయికి అడిగే కవరేజీ ఇది కాదు. అక్కడ ప్రతి షరతూ విడిగా నిర్ణయాన్ని మార్చగలదని చూపాలి. పైగా రెండో కొమ్మ లేని ఇఫ్‌లో, ఎల్స్ లేని కాండ్‌లో నడవని దారికి రంగు వేయడానికి అక్షరమే ఉండదు. ఎక్స్‌ప్రెషన్ల కవరేజీకి ఇదొక నిజమైన గుడ్డి మచ్చ. దాన్ని కప్పిపుచ్చడం కన్నా అలాంటి ఇఫ్‌లకు కొమ్మల లెక్క విడిగా ఉంచడం మేలు.

ఎక్స్‌ప్రెషన్‌ను లెక్కించాలంటే అది ఫైలులో ఎక్కడుందో తెలియాలి. ఇక్కడే స్కీమ్ సొగసు స్కీమ్‌కే అడ్డం తిరుగుతుంది. రీడర్ ప్రోగ్రామ్‌ను మామూలు జాబితాలుగా చదివేస్తుంది, జాబితా కణంలో లైను సంఖ్య పెట్టుకునే చోటు లేదు. గైల్ చాలాకాలం దీనికి ఒక ఉపాయం వాడింది. చదివిన ప్రతి జాబితాకూ దాని స్థానాన్ని పక్కన ఒక పట్టికలో రాసి ఉంచేది. జాబితాలకు ఇది సరిపోతుంది గానీ సింబళ్లకు సరిపోదు. ఒకే పేరున్న సింబల్ ప్రోగ్రామ్‌లో వంద చోట్ల కనిపించినా మెమరీలో ఉండేది ఒకటే. దానికి ఏ స్థానమని రాస్తాం? కాబట్టి ఇఫ్‌లో ఒక కొమ్మ ఉత్త చలరాశి పేరే అయితే ఆ కొమ్మ నడిచిందో లేదో చెప్పే ఆధారం ఉండదు. రాకెట్ సింటాక్స్ ఆబ్జెక్టులు, షే స్కీమ్ యానొటేషన్లు అణువణువుకూ స్థానాన్ని అంటించి ఉంచుతాయి. ఆ మేరకు వాటి కవరేజీ సూక్ష్మంగా ఉంటుంది. ఇది చిన్న ఇంజినీరింగ్ వివరంలా అనిపించవచ్చు. నిజానికి నివేదిక నాణ్యత సగం ఇక్కడే, కౌంటర్ పెట్టకముందే, రీడర్ దగ్గరే తేలిపోతుంది.

మాక్రోలు వచ్చేసరికి చిక్కు ఇంకా ముదురుతుంది. రెండు షరతుల ఆర్ విస్తరణలో ఒక లెట్, దాని లోపల ఒక ఇఫ్ అవుతుంది. డూ లూప్ తనను తాను పిలుచుకునే ప్రొసీజర్ అవుతుంది. ఈ లెట్‌ను, ఇఫ్‌ను ప్రోగ్రామర్ రాయలేదు. వాటి మీద పడిన లెక్క ఎవరిది? మాక్రో నిర్వచనానిదే అనుకుంటే, ఆ మాక్రోను వాడిన వంద చోట్లలో ఒక్కటి నడిచినా నిర్వచనమంతా నడిచినట్టు తేలుతుంది, మిగిలిన తొంభైతొమ్మిదీ ఆ చాటున దాక్కుంటాయి. వాడిన చోటిదే అనుకుంటే, ప్యాటర్న్ మ్యాచింగ్ వంటి పెద్ద మాక్రో లోపలి కొమ్మల్లో సగం నడవకపోయినా వాడిన లైను నడిచినట్టే కనిపిస్తుంది. విస్తరణకు ముందే కౌంటర్లు పెడదామంటే, మాక్రోకు ఇచ్చిన ముక్కల్లో ఏది నడిచే ఎక్స్‌ప్రెషనో, ఏది ఉత్త నమూనానో విస్తరించకుండా తెలియదు. నమూనాలో కౌంటర్ పెడితే ప్రోగ్రామే చెడుతుంది. అందుకే విస్తరణ పూర్తయ్యాక కౌంటర్లు పెట్టి, ప్రోగ్రామర్ ఫైలు నుంచి వచ్చిన ముక్కలకు మాత్రమే నివేదికలో చోటివ్వడం, మాక్రో పుట్టించిన పరంజాను వదిలేయడం కవరేజీకి తగిన రాజీ. మాక్రో రచయితకు ఈ రాజీ నచ్చదు. అతని ఫైలును కొలిచేటప్పుడు ఖాతాలను తిప్పి రాసుకోవాలి.

టెయిల్ కాల్‌ల విషయంలో పొరపాటు చేస్తే నివేదికే కాదు, ప్రోగ్రామే కూలుతుంది. ప్రొసీజర్ చివరి పనిగా మరో ప్రొసీజర్‌ను పిలిస్తే, ఎన్ని కోట్లసార్లు అలా జరిగినా మెమరీ పెరగకూడదన్నది స్కీమ్ ప్రమాణం విధించే షరతు. లూపులన్నీ దాని మీదే నడుస్తాయి. ఎక్స్‌ప్రెషన్‌కు ముందు కౌంటర్ పెంచితే చివరి పిలుపు చివరి పిలుపుగానే ఉంటుంది. గడిచిన సమయం తెలుసుకుందామని తర్వాత కూడా గడియారం చూస్తే, అది ఇక చివరి పని కాదు. గడియారం చూడటం కోసం ప్రతి పిలుపూ వెనక్కి రావాలి, లూపు తిరిగిన కొద్దీ స్టాక్ పేరుకుంటుంది. కొలవకుండా హాయిగా నడిచే సర్వర్ కొలుస్తున్నప్పుడు మెమరీ చాలక ఆగిపోతుంది. కాబట్టి స్కీమ్‌లో లోపలికి రావడాన్ని లెక్కించడం క్షేమం, బయటికి పోవడాన్ని లెక్కించడం ప్రమాదం. ఎర్రర్‌ట్రేస్ కంటిన్యుయేషన్ మార్కులు (ఇక మిగిలిన పనికి తగిలించే గుర్తులు) వాడటంలోని కిటుకు ఇదే. టెయిల్ స్థానంలో కొత్త మార్కు పాతదాని మీదే రాయబడుతుంది తప్ప పక్కన పేరుకోదు.

లోపలికి రావడాన్ని లెక్కించినంత మాత్రాన చిక్కంతా తీరదు. కంటిన్యుయేషన్‌ను పట్టుకునే కాల్-సీసీ వల్ల, ఒక్కసారి మొదలైన ఎక్స్‌ప్రెషన్ ఎన్నడూ తిరిగి రాకపోవచ్చు, పదిసార్లు తిరిగి రావచ్చు. ఎఫ్ అనే ప్రొసీజర్‌కు జీ ఫలితాన్ని అందించే ఎక్స్‌ప్రెషన్ ఉందనుకుందాం. జీ మధ్యలోనే వేరే చోటికి దూకేస్తే ఎఫ్ పిలుపు ఎక్స్‌ప్రెషన్ మొదలైనట్టు కౌంటర్ చెబుతుంది, ఎఫ్ మాత్రం నడవదు. తక్కువ కౌంటర్లతో పని కానిచ్చే తెలివైన పద్ధతులకూ ఇదే దెబ్బ. బాల్, లారస్ 1990లలో చూపినట్టు, ఒక చోటికి వచ్చిన ప్రవాహం బయటికి పోయే ప్రవాహానికి సమానమైతే కొన్ని కౌంటర్లను వదిలేసి మిగతావాటి నుంచి కూడికలు, తీసివేతలతో రాబట్టుకోవచ్చు. స్కీమ్‌లో ఆ సమానత్వానికి పిలుపు జరిగిన ప్రతి చోటా హామీ పోతుంది. జనరేటర్లను, కోరొటీన్లను కంటిన్యుయేషన్లతో కట్టిన ప్రోగ్రాములలో ఈ తేడా నామమాత్రం కాదు.

సమయం కొలవడానికి కౌంటర్లు ఎందుకు, గడియారంతో శాంపిళ్లు తీస్తే పోదా అన్నది న్యాయమైన ప్రశ్న. గైల్ స్టాట్‌ప్రాఫ్ మామూలుగా సెకనుకు 100 సార్లు ప్రోగ్రామ్‌ను ఆపి, ఆ క్షణాన ఏ ప్రొసీజర్ నడుస్తోందో, స్టాక్ మీద ఎవరెవరున్నారో రాసుకుంటుంది. షిరో కవాయ్ రూపొందించిన గోష్ స్కీమ్‌లోనూ అంతర్నిర్మితంగా శాంపిలింగ్ ప్రొఫైలర్ ఉంది. కోడ్‌లోనే లెక్కల ముక్కలు చొప్పించే ప్రొఫైలింగ్‌తో సాగిన చికెన్ స్కీమ్‌కు తర్వాత శాంపిళ్ల పద్ధతి కూడా చేరింది. ప్రోగ్రామ్ రూపం మారదు, వేగం పెద్దగా తగ్గదు, టెయిల్ కాల్‌లు చెడవు. ప్రొఫైలింగ్‌కు ఇదే సరైన దారి. అయినా ఖాతాల బెడద ఇక్కడా తప్పదు. ‘ఏ’ అనే ప్రొసీజర్ తన చివరి పనిగా ‘బీ’ని పిలిస్తే ‘ఏ’ స్టాక్ మీద నుంచి తప్పుకుంటుంది. ‘బీ’లో గడిచిన సమయంలో ‘ఏ’ పేరే వినిపించదు, ఆ సమయం అంతకు ముందెప్పుడో ‘ఏ’ని పిలిచినవారి ఖాతాలోకి నేరుగా పోతుంది. స్టాక్ చెప్పేది ఇక్కడికి ఎలా వచ్చామన్నది కాదు, ఇక్కడి నుంచి ఎక్కడికి పోవాలన్నది. జీప్రాఫ్ తరహా వంశవృక్షాన్ని స్కీమ్‌లో చదివేవారు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి. ఎంఐటీ స్కీమ్ డీబగ్గర్ ఇంటర్‌ప్రెటర్‌లో నడిచే కోడ్‌కు ఇటీవలి టెయిల్ కాల్‌లను పరిమితంగా గుర్తుంచుకుని చూపుతుంది. డీబగ్గింగ్‌కు అది చాలా ఉపకారి, సమయాల లెక్కకు మాత్రం ఆసరా కాదు.

శాంపిళ్లకు ఇంకో పక్షపాతం ఉంది. టైమర్ సంకేతం వచ్చిన క్షణానే ఇంటర్‌ప్రెటర్ స్కీమ్ కోడ్‌ను నడపలేదు. దాని లోపలి స్థితి సగంలో ఉండవచ్చు. అందుకే సంకేతాన్ని గుర్తు పెట్టుకుని, తర్వాత వచ్చే సురక్షిత స్థానం దగ్గర శాంపిల్ తీస్తుంది. మేస్త్రీ ఎప్పుడూ టీ వేళకే వచ్చి, కూలీలు రోజంతా టీ తాగారని రాసుకోవడం ఎంత సబబో ఇదీ అంతే. మిట్కోవిచ్, దివాన్, హౌస్‌వర్త్, స్వీనీ 2010లో నాలుగు జావా ప్రొఫైలర్లను పరీక్షించినప్పుడు ఒకే ప్రోగ్రామ్‌లో ఏది ఎక్కువ సమయం తింటోందన్న దాని మీద వాటికే పొత్తు కుదరలేదు. శాంపిళ్లు ఇలాంటి స్థానాల దగ్గర మాత్రమే తీయడం అందుకు ప్రధాన కారణమని తేలింది. సీలో రాసిన అంతర్గత ప్రొసీజర్ ఒకటి చాలాసేపు నడిస్తే స్కీమ్ ఇంటర్‌ప్రెటర్‌లోనూ ఇదే జరిగే అవకాశం ఉంది. గార్బేజ్ కలెక్షన్ సంగతి సరేసరి. మెమరీ నిండేలా జాబితాలు అల్లింది ఒకరు, సరిగ్గా నిండిన క్షణంలో చివరి కణం అడిగి దొరికిపోయేది మరొకరు. గైల్‌లో జీసీప్రాఫ్ అనే విడి పరికరం కలెక్షన్ జరిగిన ప్రతిసారీ స్టాక్‌ను శాంపిల్ తీస్తుంది. తగినన్ని శాంపిళ్లు చేరితే ఎక్కువ మెమరీ అడిగేవారే ఎక్కువసార్లు దొరుకుతారు.

కవరేజీ, ప్రొఫైలింగ్ ఒకే యంత్రంతో ఎందుకు సాగవో ఆప్టిమైజర్ దగ్గర స్పష్టమవుతుంది. కంపైలర్ చిన్న ప్రొసీజర్లను పిలిచిన చోటే కలిపేస్తుంది, ముందే తేలిపోయే షరతులను చెరిపేస్తుంది. ఆ తర్వాత లెక్కపెడితే చెరిపేసిన కొమ్మ కొలతలోనే ఉండదు. శాతం కట్టే భాగహారంలో హారం తగ్గి కవరేజీ ఊరికే పెరుగుతుంది. ముందే కౌంటర్లు పెడితే, కౌంటర్ పెంచడం కూడా ఒక పనే కాబట్టి కంపైలర్ ఆ ముక్కలను మునుపటంత స్వేచ్ఛగా కదపలేదు. అప్పుడు మనం కొలిచే వేగం అసలు ప్రోగ్రామ్‌ది కాదు. గైల్‌లో కవరేజీ కొలిచేటప్పుడు వర్చువల్ మెషీన్ ప్రతి సూచన దగ్గరా ఆగి ఒక హుక్‌ను పిలుస్తుంది. ఆ నడకలో తీసిన సమయాలకు అర్థం లేదు, తీయాలని ఎవరూ అనుకోరు కూడా. కవరేజీ ఆప్టిమైజేషన్‌కు ముందు, మనిషి రాసిన పాఠానికి అంటి ఉండాలి. ప్రొఫైలింగ్ దాని తర్వాత, యంత్రం నిజంగా నడిపే రూపానికి అంటి ఉండాలి. రెండింటికీ ఒకే స్విచ్చు పెట్టిన పరికరం రెండింటిలో ఒకదానికి అన్యాయం చేస్తుంది.

ఇంత తంటా పడి కవరేజీ కొలిచినా టెస్టులు మంచివని తేలుతుందా అని అడిగేవారున్నారు. ఇనోజెమ్‌త్సేవా, హోమ్స్ 2014లో ఐదు పెద్ద జావా ప్రోగ్రాముల మీద చేసిన అధ్యయనం వారికి బలం. టెస్టుల సంఖ్యను పక్కనపెట్టి చూస్తే కవరేజీకీ, తప్పులు పట్టే శక్తికీ సంబంధం అంత గట్టిది కాదని అందులో తేలింది. ఆ ఫలితం కవరేజీని లక్ష్యంగా పెట్టుకునేవారికి హెచ్చరిక. శాతాన్ని పెంచడం కోసం రాసిన టెస్టు నడిపించడమే చేస్తుంది, ఫలితాన్ని పరీక్షించదు. కానీ నివేదికను తిరగేసి చదివితే అందులో సందేహానికి తావులేని వాక్యం ఒకటుంది: సున్నా ఉన్న ఎక్స్‌ప్రెషన్‌ను ఏ టెస్టూ తాకలేదు. స్కీమ్ వంటి భాషలో ఈ వాక్యం విలువ మరీ ఎక్కువ. రకాలను ముందుగా తనిఖీ చేసే కంపైలర్ లేనప్పుడు, నడవని కొమ్మలో పేరు తప్పు రాసినా, సంఖ్య అడిగే చోట జాబితా ఇచ్చినా నడిచే దాకా బయటపడకపోవచ్చు. ఆ తప్పును చూసే మొదటి వ్యక్తి టెస్టు రాసినవారు కావాలా, ప్రోగ్రామ్ వాడేవారు కావాలా అన్నదే ప్రశ్న.

ప్రొఫైల్‌ను చదివేది మనిషే కానక్కర్లేదు. 1980ల నడుమ కెంట్ డిబ్‌విగ్ మొదలుపెట్టి, 2016లో సిస్కో అందరికీ తెరిచి ఇచ్చిన షే స్కీమ్, కంపైల్ చేసేటప్పుడే సోర్స్ ఎక్స్‌ప్రెషన్లకు కౌంటర్లు పెట్టి, వాటి అంకెలను రంగులద్దిన వెబ్ పేజీగా చూపగలదు. అవే అంకెలను తిరిగి కంపైలర్‌కు అందించే వీలూ ఉంది. బౌమన్, మిల్లర్, సెయింట్-అమూర్, డిబ్‌విగ్ 2015లో ఆ అంకెలను మాక్రోల చేతికే ఇచ్చారు. షరతుల వరసను రాసిన క్రమంలో కాక, ఎక్కువసార్లు నిజమైనది ముందు వచ్చేలా మాక్రోయే అమర్చుకోగలదు. అదే ఏడాది సెయింట్-అమూర్, ఆండర్సన్, ఫెలైసన్ రాకెట్‌లో సమయాన్ని ప్రొసీజర్ల ఖాతాలో కాక భాషా సౌకర్యాల ఖాతాలో వేసే ప్రొఫైలర్‌ను చూపారు. ప్యాటర్న్ మ్యాచింగ్‌కు ఎంత, కాంట్రాక్టుల తనిఖీకి ఎంత అని అది విడదీసి చెబుతుంది. ఈ రెండు పనుల్లోనూ గడియారం పాతదే, కౌంటర్ పాతదే. మారింది అంకె చేరే చిరునామా. విస్తరణలన్నీ దాటి వచ్చాక కూడా ప్రతి ముక్కా తాను ఏ ఫైలులో ఏ అక్షరం దగ్గర పుట్టిందో, ఏ మాక్రో చేతుల మీదుగా వచ్చిందో మరిచిపోకుండా ఉన్నందువల్లే అది కుదిరింది. రీడర్ దగ్గరే ఆ చిరునామా పారేసుకునే ఇంటర్‌ప్రెటర్లలో మాత్రం ఈ రెండు పనుల్లో ఏదీ సాధ్యం కాదు, ఎంత వేగంగా లెక్కపెట్టినా సరే.